ఇంకా చేరని జవాబు

క్లాసు మొదలయ్యే ముందు ఆమె చేసే మొదటి పని కుళాయి మూతికి గుడ్డపేలిక చుట్టడం. చుట్టకపోతే నీళ్ళు బొట్టుబొట్టుగా బకెట్లో పడే చప్పుడు ఫోన్లోంచి సారు దాకా పోతుంది. రెండో పని, స్నానాల గది తలుపుకి చెప్పు ఒకటి అడ్డం పెట్టి ఓరగా మూయడం. గడియ వేస్తే గదిలో పిల్ల లేచి ఏడ్చినా వినపడదేమోనని భయం. బార్లా తెరిస్తే సారు గొంతుకి మొగుడు లేస్తాడేమోనని భయం. ఆ రెండు భయాలకీ మధ్య రాజీ ఆ చెప్పు.

ఇల్లంతా కలిపి ఒకటే గది. అతను బేకరీలో పొయ్యి దగ్గర పని చేసి తెల్లారాక వస్తాడు, కనుబొమల్లో పిండి అలాగే ఉండగానే పడుకుంటాడు. మధ్యాహ్నం పిల్ల కూడా అతని పక్కనే, అతని చొక్కా గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతుంది. సరిగ్గా ఆ వేళకే దూరవిద్య పదో తరగతి క్లాసు. అందుకని ఆమె బడి స్నానాల గదిలో, బోర్లించిన బకెట్ మీద.

ఆ క్లాసులో ఎవరి మొహం ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్ మీద ఉత్త గొంతులే. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో ఫోను చెవిన పెట్టుకుని కూర్చుంటారు. ఒకే పేరున్న వాళ్ళు నలుగురైదుగురు ఉండటంతో సారు మొదటి నెలలోనే పేర్లు మానేసి పనులతో పిలవడం మొదలుపెట్టాడు. టైలరమ్మ, లారీ బాబు, ఆయమ్మ, రాళ్ళ క్వారీ దగ్గర వంట చేసే వంటక్క. ఆమె బట్టల ఫ్యాక్టరీ నుంచి కుట్టిన చొక్కాలు ఇంటికి తెచ్చుకుని మిగిలిపోయిన దారాలు కత్తిరిస్తుంది కాబట్టి దారాలమ్మ.

అది నోటి ప్రశ్నల వారం. శనివారం లోపల రెండు సరైన జవాబులు చెప్పినవాళ్ళకే పరీక్షకి హాల్ టికెట్. చెప్పలేనివాళ్ళు మళ్ళీ వచ్చే ఏడు. రెండూ అయిపోయినవాళ్ళు నోరు కట్టేసుకుని వినాలి, మిగిలినవాళ్ళలో ఎవరు ముందు చెబితే వాళ్ళది. ఆమెకి ఇంకా ఒక్కటీ కాలేదు.

"మొక్కకి నీళ్ళు పైకి మోసే గొట్టాల పేరేమిటి?" అన్నాడు సారు.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దారువు సార్" అంది. గోడలు ఆ మాటని రెండుసార్లు తిప్పికొట్టాయి. ఆమె చెప్పేసిన తర్వాతే టైలరమ్మ గొంతు అదే మాట అంది. ఆమె ఊపిరి బిగపట్టి చూసింది.

"టైలరమ్మా, కరెక్టు" అన్నాడు సారు. కాసేపటికి, నవ్వుతూ, "అదిగో, మన ప్రతిధ్వని కూడా వచ్చింది. దారాలమ్మా, పక్కవాళ్ళు చెప్పాక చెప్పడం ఎవరికైనా వస్తుందమ్మా. సొంతంగా ఒక్కటి చెప్పు" అన్నాడు.

అందరూ నవ్వారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, వేరు వేరు ఇళ్ళలోంచి. ఎవరి నవ్వు వెనకో కుక్కర్ కూత, ఎవరి నవ్వు వెనకో బండి హారన్. సారు చెడ్డవాడు కాదు. దగ్గుతూ, మధ్యమధ్య గ్లాసులో నీళ్ళు గుటక వేస్తూ, ఎవరికి ఎన్నిసార్లయినా చెప్పినదే చెబుతాడు. అందుకే ఆ మాట ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. ముందు చెప్పింది నేనే సార్ అనబోయి, మైకు మూసేసింది. నిజంగా ముందు తనే చెప్పిందా? ఏమో. తన బుర్ర మీద తనకి ఎప్పుడూ అంత నమ్మకం లేదు.

క్లాసు అయ్యాక కుళాయి గుడ్డ విప్పింది. అప్పటిదాకా ఆగిన నీళ్ళన్నీ ఒక్కసారే పడ్డాయి.

మర్నాడు పొద్దున ఆమె చొక్కాల కట్ట విప్పుకుని కిటికీ కింద కూర్చుంది. చిన్న కత్తెర బొటనవేలికి తగిలించుకుని ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతుల మడతలు, చివరికి బొత్తాల కన్నాలు. కన్నాల దగ్గరే కళ్ళు చెడేది. దారం పొడుగ్గా వదిలితే చొక్కా వెనక్కి వస్తుంది, మరీ మొదలుకంటా కోస్తే కుట్టు ఊడుతుంది. పిల్ల ఆ దారాలన్నీ ఏరి నోట్లో పెట్టుకుంటుందని, కత్తిరించిన ప్రతి ముక్కనీ నాలుకతో తడిచేసి చీర మోకాలి మీద అంటించుకోవడం అలవాటు చేసుకుంది. మధ్యాహ్నానికి మోకాలు రంగురంగుల నాచు పట్టినట్టుంటుంది.

పని చేస్తూ వినడానికి అంతకుముందు రోజు క్లాసు రికార్డింగు పెట్టుకుంది. సారు దగ్గర రికార్డయిన క్లాసుని రోజూ గ్రూపులో పెడతారు. ఆమె ఎప్పుడూ పాఠం వరకే విని, ప్రశ్నలు రాగానే ఆపేసేది. తన గొంతు తను వినడం ఆమెకి అద్దంలో వీపు చూసుకున్నట్టు ఉంటుంది. ఆ రోజు చేతిలో చొక్కా సగంలో ఉండి ఆపలేకపోయింది.

సారు ప్రశ్న అడిగాడు. వెంటనే టైలరమ్మ చెప్పింది. కరెక్టు అన్నాడు సారు. నీళ్ళు తాగాడు, గ్లాసు పెట్టాడు. ఆ తర్వాత, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, ఆమె గొంతు. "దారువు సార్."

కత్తెర ఆగిపోయింది. ఆమె వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ జరిపింది. తనకి తెలుసు కదా, ప్రశ్న చెవిన పడ్డ మరుక్షణం నోరు తెరిచింది. ఆ గ్లాసు చప్పుడు తన మాటకి ముందు తనకి వినపడనే లేదు. సారు ప్రశ్న ఆ స్నానాల గది దాకా రావడానికే ఆలస్యమైంది. తన మాట తిరిగి ఆయన దాకా పోవడానికి మళ్ళీ ఆలస్యం. ఈలోపల అక్కడ అంతా అయిపోయింది. వీధిలో బండివాడు వెళ్ళిపోయాక గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చినట్టు, రోజూ ఆమె వచ్చి నిలబడుతోంది.

మిగతా రోజుల రికార్డింగులు కూడా పెట్టింది. అన్నిట్లోనూ అంతే. జవాబులు తప్పు లేవు. ఒక్కటీ సమయానికి లేదు.

సారుకి గొంతు సందేశం పంపింది. నాలుగుసార్లు చెరిపి, అయిదోసారి పంపింది. సార్, నేను ముందే చెబుతున్నాను, లైను ఆలస్యంగా వస్తోంది అని. ఆయన తీరిక చూసుకుని జవాబిచ్చాడు. లైను కష్టాలు అందరికీ ఉన్నాయనీ, ఒక్కొక్కళ్ళ కోసం ఒక్కో లెక్క పెడితే ఈ వారం తెమలదనీ, లైను బాగున్న చోటు చూసుకోమనీ చెప్పాడు. చివర్లో, బాగా చదువుకో అమ్మా, అన్నాడు.

సాయంత్రం అతను లేచి టీ తాగుతుంటే ఆమె ఆ రికార్డింగు వినిపించింది. అతను కప్పు పట్టుకునే రెండుసార్లు విన్నాడు.

"అంటే ముందు నువ్వే చెప్పావన్నమాట."

"అన్నమాట ఏంటి, చెప్పాను."

"మరి ఇన్నాళ్ళూ నాకు రాదు, నా వల్ల కాదు అని నన్ను చంపుకు తిన్నావే."

అతను కనుబొమ తుడుచుకుని, ఆ గదికి నాలుగు వైపులా గోడలే, పైన నీళ్ళ ట్యాంకు, అందులో ఊపిరాడటమే గొప్ప, సిగ్నలెక్కడ ఆడుతుంది అన్నాడు. గదిలో కూర్చోమన్నాడు. అతని నిద్ర సంగతి అడిగింది. పొయ్యి దగ్గర నిద్ర తూగితే చెయ్యి కాలుతుంది. ఒకసారి కాలింది కూడా. చివరికి మెట్లు గుర్తొచ్చాయి. మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట అద్దం లేని పెద్ద కిటికీ ఉంది. ఫోను మాట్లాడేవాళ్ళంతా అక్కడికే వస్తారు.

"పిల్ల లేస్తే?"

"లేస్తే ఎత్తుకుంటాను. నేనేమన్నా పొరుగువాణ్ణా" అన్నాడు అతను.

అయినా ఆమె పిల్లని వదిలి వెళ్ళలేదు. అతని నిద్ర మొద్దునిద్ర. పిల్ల ఎప్పుడు లేస్తుందో, చొక్కాల కట్ట దాకా పాకి బొత్తాం మింగుతుందేమో. నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని, మెట్ల మలుపులో గోనె పరిచి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. తువ్వాలు ఒక కొస పిల్ల నడుముకి, రెండో కొస తన మణికట్టుకి కట్టుకుంది. కింద వాటా పెద్దావిడ చేతిలో సంచితో పైకెక్కుతూ ఆగి చూసింది.

"బడి మెట్లెక్కిందేం? తప్పుకుంటే మేమూ పై తరగతికి పోతాం" అంది.

ఆమె కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది.

ఆ రోజు సారు గొంతు ఆమె చెవి పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. దగ్గు ముందు ఆయన గొంతు సవరించుకోవడం కూడా వినపడింది. ఎర్ర రక్తకణాల పని ఏమిటని అడిగాడు. ప్రాణవాయువుని మోయడం సార్ అంది ఆమె. తన తర్వాత టైలరమ్మ, ఆమె తర్వాత ఆయమ్మ.

"దారాలమ్మా! కరెక్టు. ఇవాళ ఏం తిన్నావమ్మా, ఇంత హుషారు."

ఆమె మొహం వేడెక్కింది. పిల్ల వీపు మీద చెయ్యి తెలియకుండానే జో కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి అయింది. ఇంకొక్కటి. సారు తర్వాతి ప్రశ్న మొదలుపెట్టి సగంలో ఉండగా, ఆ సగం మీద పడుతూ, వెనకాల గిన్నెల మోతతో, ఒక పెద్ద వయసు గొంతు వచ్చింది. "ప్రాణవాయువు మోస్తాయండీ."

సారు ఆగాడు. "వంటక్కా, అది అయిపోయిందమ్మా. ప్రతిధ్వని ఇల్లు మారినట్టుంది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తన నవ్వు ఇవాళ అందరితో పాటు, సరిగ్గా సమయానికి, సారు దాకా వెళ్ళి ఉంటుంది. ఆ సంగతి తట్టి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. సారు ఇంకో ప్రశ్న అడిగి, లారీ బాబు జవాబు చెప్పి, అది తప్పయి, సారు విడమర్చి చెబుతూ ఉండగా, ఆ పెద్ద గొంతు మళ్ళీ వచ్చింది. "తప్పయిపోయింది సార్. ఏమనుకోకండి." అప్పటికి దేనికి తప్పయిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. ఎవరూ పట్టించుకోలేదు.

ఈ గొంతు ఆమెకి కొత్తది కాదు. మొదటి నుంచీ అందరికంటే చివర వస్తూనే ఉంది. పాపం, అందరూ చెప్పింది విని చెబుతుంది అని ఆమె కూడా అనుకుంది. తను బకెట్ మీద కూర్చున్న రోజుల్లో కూడా అనుకుంది.

ఆ సాయంత్రం ఆమె కన్నాల దగ్గర దారాలు కోస్తూ రెండు చొక్కాలకి కుట్టు కూడా కోసింది. అతను పనికి వెళ్తూ, ఒకటి అయింది కదా ఇంకా ఆ మొహమేంటి అన్నాడు. ఏం లేదంది. పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుంది, ఎప్పటిలాగే. గుండెల పాఠం తీసి, బయటికి చదువుకోవడం మొదలుపెట్టింది. చేపకి రెండు గదులు. కప్పకి మూడు. పాకే జంతువులకి మూడు. మనిషికి నాలుగు. మనిషి గుండెలోనే నాలుగు గదులున్నాయి, మనకి చూడు ఒకటే, అని పిల్లతో అంది. పిల్ల నిద్రలోనే నవ్వింది. ఆ నవ్వుకి చదువు అక్కడ ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

తర్వాతి రెండు రోజులూ ఆమెకి అచ్చి రాలేదు. ఒకరోజు కరెంటు పోయి ఫోను చచ్చిపోయింది. ఇంకోరోజు పిల్లకి ఒళ్ళు వెచ్చబడి ఏడుస్తుంటే మైకు తెరవడానికే వీల్లేకపోయింది. శనివారం వచ్చింది. టైలరమ్మకి రెండూ అయిపోయాయి. ఆయమ్మకి అయిపోయాయి. మిగిలింది లారీ బాబు, ఆమె, వంటక్క. ఆమెకీ వంటక్కకీ చెరొకటి తక్కువ. వంటక్కకి మొదటిది ఎలా వచ్చిందో, లైను బాగున్న ఏ రోజో.

మెట్ల కిటికీలోంచి వాన జల్లు కొడుతోంది. గోనె తడవకుండా ఆమె గోడ వైపుకి జరిగింది. ఒళ్ళో పిల్ల, మణికట్టుకి తువ్వాలు. సారు ఇవాళ తొందరలో ఉన్నాడు; సాయంత్రంలోగా పేర్లు పంపాలట. వాన ఎక్కడెక్కడ ఉందో అడిగాడు. అక్కడక్కడా పలికారు. చాలాసేపటికి, వేరే మాట మధ్యలో, "ఇక్కడ కుండపోతండీ, కొండ మీద" అంది వంటక్క. గంటె గిన్నె అడుగుకి రాసుకుంటున్న చప్పుడు కూడా వచ్చింది.

"కప్ప గుండెలో గదులెన్ని?"

ఆమెకి వచ్చు. మూడు. మాట పెదవి దాకా వచ్చింది. లారీ బాబు వైపు నిశ్శబ్దం, అతనికి రాదు. మిగిలినవాళ్ళు మాట్లాడకూడదు. ఇక్కడ ఆమె ఒక్కతే. మైకు తెరిచే ఉంది. ఒక్క మాట అంటే అయిపోతుంది. పరీక్ష, పదో తరగతి, అది పాసైనవాళ్ళకి ఫ్యాక్టరీలో ఇచ్చే చెకింగ్ బల్ల దగ్గర కుర్చీ ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క మాట అవతల వరసగా నిలబడి ఉన్నాయి.

ఆ కొండ మీద ఒకామె అప్పుడే నోరు తెరిచి ఉంటుంది. పొయ్యి పక్కన, గంటె పట్టుకుని, మూడండీ అని ఉంటుంది. ఊపిరి బిగపట్టి ఉంటుంది.

"ఎవరికీ రాదా?" అన్నాడు సారు. "దారాలమ్మా, నీకు కూడా రాదా?"

"వచ్చు సార్."

"మరి చెప్పవేం?"

సారుకి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు.

"వంటక్క ముందే చెప్పేసింది సార్. అది ఇంకా మన దాకా రాలేదు."

ఎవరూ నవ్వలేదు. అన్ని ఇళ్ళలోంచీ వాన ఒక్కటే వినపడింది. సారు ఏదో అనబోయి దగ్గాడు. అంతలో గిన్నెల మోతతో ఆ గొంతు వచ్చింది. "కప్పకి మూడు గదులండీ." కాస్త ఆగి, "చెప్పొచ్చా సార్, అయిపోయిందా?"

కలం కాగితం మీద కదిలిన చప్పుడు అయింది.

"అయిపోలేదమ్మా" అన్నాడు. "కరెక్టు. నీకు రెండూ అయ్యాయి."

తర్వాత ఆయన గొంతు మారింది. టైం దాటిపోతోందనీ, అయినా దారాలమ్మకి ఒక్క ప్రశ్న, ఎవరి పోటీ లేకుండా, ఆమె ఒక్కదానికే అడుగుతాననీ అన్నాడు. ఆమె వీపు నిటారుగా పెట్టింది.

"మొసలి గుండెలో గదులెన్ని?"

మొసలి. ఆ పేరు ఎక్కడో చదివింది. పాకే జంతువులకి మూడు. ఆ వరస చివర ఇంకో వాక్యం ఏదో ఉంది, పిల్ల నవ్వి చదువు ఆగిన చోట. మొసలి పాకుతుంది కదా. పాకుతుంది, ఈదుతుంది కూడా. పిల్ల ఒళ్ళో మెదిలి, ఏడుపుకి మొహం పెట్టింది. ఆమె దాని వీపు తట్టింది.

"మూడు సార్."

సారు నిట్టూర్చాడు. "కాదమ్మా. అది ఒక్కటే వేరు. పాఠం మళ్ళీ చూసుకో. వచ్చే ఏడు నీ పేరు మొదట రాస్తాను." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. రూలు తను పెట్టింది కాదన్నాడు. అందరికీ మంచిదన్నాడు. వెళ్ళిపోయాడు.

ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతుంటే ఫోన్లో చిన్న చిన్న గంటలు మోగాయి. ఆమె ఏడవలేదు. పిల్ల మొహం మీద పడ్డ జల్లు తుడిచింది. వచ్చే ఏడు అనే మాటని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇంకో ఏడాది చొక్కాలు, ఇంకో ఏడాది ఈ మెట్లు. అతనికి ఏమని చెప్పాలి? వచ్చిన జవాబు చెప్పకుండా కూర్చున్నానంటే ఏమంటాడు? ఫోను కట్ చెయ్యడానికి వేలు పెట్టింది. లైన్లో తనతో కలిపి ఇంకా ఇద్దరున్నారని ఫోను అద్దం మీద కనపడుతోంది.

అప్పుడు వచ్చింది, వానలో తడిసి, ముక్కలు ముక్కలుగా, గుసగుసగా.

"నాలుగు... అమ్మాయ్, నాలుగను... నాలుగని చెప్పు..."

సారు ప్రశ్న అక్కడికి చేరగానే అన్న మాట. అందరూ దాటిపోయాక వచ్చి చేరింది.

ఆమె వేలు తీసేసింది. పిల్లని భుజానికెత్తుకుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"నాలుగు" అంది.

పెద్దావిడ పైనుంచి ఖాళీ సంచితో దిగుతోంది. ఆమె కాళ్ళు ముడుచుకుంది. పెద్దావిడ దాటి వెళ్ళి, కింద తలుపు వేసుకున్న చప్పుడు అయింది. వాన కిటికీ అంచు మీద పడుతోంది. పిల్ల తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది, ఆమె తీసెయ్యలేదు.

"ఉన్నావా అమ్మాయ్?" అంది వంటక్క, చాలాసేపటికి. "ఇన్నాళ్ళూ నా బుర్రే మందం అనుకున్నాను. సారు చివరి మాటలు వానలో తెగిపోయాయి. అంతా వెళ్ళిపోయారా? నువ్వు పాసేనా?"

ఆమె పిల్లని రెండో భుజానికి మార్చుకుంది.

"ఉన్నాను అక్కా" అంది. రెండో దానికి జవాబు చెప్పకుండా, "పరీక్ష రాసొచ్చాక, ఏం అడిగారో నాకు చెబుతావా?" అని అడిగింది.

అడిగి, తలని గోడకి ఆనించి కూర్చుంది. ఆ మాట కొండ ఎక్కాలి. మళ్ళీ దిగాలి.